ఏమీ కొనకుండా మూడు గంటలు బజారులో తిరగడంలో ఏముంది?

పటమటవాసి
మా నాన్నగారికి 68 ఏళ్ళు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం అయిదు కాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డసంచి నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని విజయవాడ బీసెంట్ రోడ్డుకు బయలుదేరతారు. తిరిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర. సంచిలో ఒకరోజు నెయిల్ కట్టర్ ఉంటుంది, ఒకరోజు రెండు జేబురుమాళ్ళు, ఇంకొకరోజు తాళంచెవుల రింగు. చాలా రోజులు సంచి వెళ్ళిన మడతల్లోనే తిరిగి వస్తుంది. ఇంట్లో మనుషులం ముగ్గురం, నెయిల్ కట్టర్లు నాలుగు.

డబ్బు గురించి కాదు నా బాధ. నెలకు మూడొందలు కూడా ఖర్చు చేయరు. నాకు అర్థం కానిది అందులో ఉన్న సరదా. నేను కొట్టుకు వెళితే కొలత చెప్పి, చొక్కా తీసుకుని, డబ్బు కట్టి పది నిమిషాల్లో బయట ఉంటాను. పదకొండో నిమిషం నుంచి తలనొప్పి. జనం దీన్ని కాలక్షేపంగా ఎలా చేసుకుంటారో ఎవరైనా చెప్పగలరా?

కొసరు_కావాలి
మూడొందల్లో నెలంతా సరదా తీర్చుకునే మనిషిని పట్టుకుని ఫిర్యాదా! మా ఇంటికి పంపండి, మా ఆయనకు నేర్పిస్తారు.

లెక్కలమాష్టారు
రోజుకు మూడున్నర గంటలు. నెలకు నూట అయిదు గంటలు. ఏడాదికి 1,260. ఆ సమయంలో ఒక భాష నేర్చుకోవచ్చు. బజారు తిరగడం అనేది పని లేనితనానికి పెట్టుకున్న గౌరవమైన పేరు. అవసరమైతే వెళ్ళాలి, కాగితం మీద రాసుకున్నది తెచ్చుకోవాలి, అంతే.

అంగడిపిల్ల
మాష్టారూ, నిన్న క్రికెట్ చర్చలో మీరు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా రాస్తూనే ఉన్నారు. దాని లెక్క కూడా వేయండి.

లెక్కలమాష్టారు
అది వేరు.

గళ్ళచొక్కా
పటమటవాసి గారూ, నేనూ మీలాంటి వాణ్ణే. పెళ్ళి బట్టలకని వెళ్ళి నాలుగు అంతస్తుల కొట్టులో ఆరు గంటలు కూర్చున్నాను. మగవాళ్ళ కోసం వేసిన కుర్చీల వరుసలో నా పక్కన ఉన్నాయన నిద్రపోయి, లేచి, కాఫీ తాగి, మళ్ళీ నిద్రపోయాడు. పేరు కూడా తెలియదు గానీ ఆయన నాకు ఆత్మబంధువు.

పాతపుస్తకం
ఆ కుర్చీల వరుసకు పెద్ద చరిత్రే ఉంది. 1852లో పారిస్‌లో అరిస్టీడ్ బూసికో అనే వ్యాపారి బాన్ మార్షే అనే కొట్టులో భాగస్వామిగా చేరి దాని స్వరూపమే మార్చేశాడు. ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటించడం, కొన్నది తిరిగి ఇస్తే తీసుకోవడం, కొనకపోయినా లోపల తిరగనివ్వడం అక్కడ అలవాటు చేశాడు. అంతకుముందు కొట్టులో అడుగు పెట్టారంటే కొనడానికే అన్న లెక్క. ఊరికే చూడటానికి వచ్చినవాణ్ణి అనుమానంగా చూసేవారు. భార్యలు చూసుకుంటుంటే భర్తలు చదువుకోవడానికి పత్రికలు కూడా పెట్టించాడట. గళ్ళచొక్కా గారికి కాఫీ ఒక్కటే అదనంగా దొరికింది.

మన సంగతికి వస్తే హైదరాబాదు నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి నాంపల్లి మైదానంలో దాదాపు నెలన్నర నడుస్తుంది. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎంతమంది జాబితా రాసుకుని వస్తారు? టికెట్టు కొని మరీ కొట్లు చూడటానికి వస్తారు.

అంగడిపిల్ల
అంత దూరం ఎందుకు? మా కరీంనగర్ వైపు వారానికోసారి అంగడి. మీ కోస్తా వాళ్ళు సంత అంటారు. మీకు అంగడి అంటే కొట్టు, మాకు అంగడి అంటే పండగ. మా తాత ఎద్దులు కొనే అంగడికి పోయేవాడు. ఆయనకు ఎద్దులు లేవు, పొలం అప్పటికే కౌలుకిచ్చాడు. అయినా ప్రతి ఎద్దుకూ పళ్ళు చూసి వయసు చెప్పి, నడిపించి చూసి, గిట్టలు పట్టి చూసి, ధర అడిగి వచ్చేవాడు. రాత్రి అన్నం తింటూ ఏ జత ఎంతకు పోయిందో నానమ్మకు వార్తలు చదివినట్టు చెప్పేవాడు.

మెదడుకుమేత
దీనికి మెదడులో ఒక కారణం ఉంది. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలు చేశాడు, అవి 1990లలో బాగా పేరుపొందాయి. దీపం వెలిగిన కొద్దిసేపటికి కోతికి పండ్లరసం చుక్క అందుతుంది. మొదట్లో రసం అందినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు చురుకయ్యేవి. అలవాటు పడ్డాక దీపం వెలగగానే చురుకయ్యేవి, రసం వచ్చినప్పుడు మామూలుగానే ఉండేవి. రాబోతోందన్న సూచన దగ్గరే హుషారంతా అయిపోతోందన్నమాట. చీర ఇంటికి వచ్చాక బీరువాలోకి వెళ్ళిపోతుంది. దాన్ని వెతికిన మూడు గంటల ముచ్చటే ఏళ్ళ తరబడి చెప్పుకుంటాం.

కొసరు_కావాలి
అంటే మేము కోతులమా?

మెదడుకుమేత
మేడమ్, నేనూ కోతినే. నా దగ్గర పదిహేడు పెన్నులున్నాయి, రాసేదంతా ఫోనులో.

నిద్రరాని_రాత్రి
కోతి మాట నవ్వులాటగా అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు. నా కథ చెబుతాను. రెండేళ్ళ క్రితం రాత్రి డ్యూటీ ఉండేది. తెల్లవారుజామున మూడింటికి ఫోనులో బూట్లు చూడటం మొదలుపెట్టాను. చూడటం కాస్తా కొనడం అయింది. పెట్టె ఎప్పుడొస్తుందా అని రోజుకు పదిసార్లు చూసుకునేవాణ్ణి. వచ్చాక మాత్రం విప్పాలనిపించేది కాదు. మంచం కింద పదకొండు పెట్టెలు, టేపు కూడా తీయలేదు. సగం వాయిదాల మీద కొన్నవి. క్రెడిట్ కార్డు వడ్డీ కట్టలేక చివరికి అన్నయ్యకు చెప్పుకోవలసి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. పెట్టెలు విప్పి, వెనక్కి ఇవ్వగలిగినవి ఇచ్చి, మిగిలిన బూట్లు తన స్నేహితులకు సగం ధరకు అమ్మిపెట్టాడు.

పటమటవాసి గారి నాన్నగారి తిరుగుడుకూ నా రోగానికీ పేరు ఒకటే. ఆయన అయిదింటికి వెళ్ళి ఎనిమిదిన్నరకు వస్తున్నారు, కొట్లు మూస్తే ఇంటికి రావలసిందే. ఫోనులో కొట్టు మూయరు.

కొసరు_కావాలి
తమ్ముడూ, చెప్పినందుకు మంచిదైంది. మా చెల్లెలు ఒక పద్ధతి పాటిస్తుంది. నచ్చినవన్నీ బుట్టలో వేసుకుంటుంది, డబ్బు కట్టకుండా పడుకుంటుంది. పొద్దున చూస్తే సగం ఎందుకు వేసిందో తనకే గుర్తుండదు. దాని బుట్టలో ప్రస్తుతం తొంభై వస్తువులున్నాయి, ఒక సోఫాతో సహా. వాళ్ళది ఒంటిగది ఇల్లు.

లెక్కలమాష్టారు
నిద్రరాని_రాత్రి గారి అనుభవమే నా మాటకు సాక్ష్యం. చూడటం దగ్గర మొదలై కొనడం దగ్గర ఆగదు. కొట్ల వాళ్ళు జనాన్ని ఊరికే తిరగనిస్తారా? లాభం లేనిదే కుర్చీ వేయరు.

తెల్లపరుపు
మాష్టారు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా చీరల కొట్టులో పరుపు మీద కూర్చునే పని నాది. ఏ ఊరని అడగకండి.

నలుగురు ఆడవాళ్ళు కలిసి వస్తే సాధారణంగా కొనేది ఒకరే. మిగతా ముగ్గురు సలహాదారులు. ఆ ముగ్గురిలో ఎవరి మాట చెల్లుతుందో మొదటి రెండు చీరల్లోనే కనిపెట్టాలి, ఆపైన ఆవిడకే చూపించాలి. రెండు వేలలో కావాలంటే ముందు మూడు వేలది పరుస్తాం. ‘కొనమని కాదమ్మా, ఊరికే చూడండి’ అంటాం. ఇది పాత కిటుకే. తరవాత కొంగు విప్పి భుజం మీద వేసి అద్దం వైపు తిప్పుతాం. భుజం మీద పడ్డ చీరను తీసి వెనక్కి ఇవ్వడానికి చెయ్యి అంత తొందరగా రాదు. చేత్తో తాకిన వస్తువు అప్పుడే సగం మనదైనట్టు ఉంటుంది. మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, పరుపు మీదే నేర్చుకున్నాం.

ఆషాఢం తగ్గింపులు కూడా అలాంటివే. ముహూర్తాలు ఉండవు, పెళ్ళి బేరాలు ఉండవు, సరుకు కదలదు. శ్రావణానికి కొత్త సరుకు దిగాలంటే పాతది పోవాలి. అందుకే ఆ నెల బోర్డులు.

అయితే వచ్చినవాళ్ళంతా ఆ వలలో పడరు. ఒక పెద్దావిడ ఉంది. రెండేళ్ళ పాటు మంగళవారం మంగళవారం వచ్చేది. గద్వాల చీరలు తీయమనేది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు ఉంటాయి చూడండి, ఆ రెండూ కలిసే చోట చూపుడువేలు పెట్టి మెల్లగా జరిపేది. ఒకసారి కళ్ళజోడు తీసి, చీర తిరగేసి, అతుకు దగ్గర గోరుతో గీరి ‘బాబూ, ఇది మగ్గం మీద నేసింది కాదు, మరమగ్గందని చెప్పి అమ్ముకోండి’ అంది. నిజమే, ఆ కట్టలో తేడా సరుకు కలిసింది. మా కొనుగోలు గుమాస్తా కూడా పట్టుకోలేదు. ఆవిడ పుట్టింట్లో నాలుగు మగ్గాలు ఉండేవట. ఆ రోజు నుంచి ఆవిడ వస్తే మా యజమాని లేచి తనే కుర్చీ వేసేవాడు. రెండేళ్ళలో ఆవిడ కొన్నది రెండు జాకెట్టు ముక్కలు.

అరవై చీరలు విప్పించి ‘మళ్ళీ వస్తాం’ అని వెళ్ళిపోతే కోపం రాదా అంటారు. మొదటి ఏడాది వచ్చేది. మడతలు పెట్టడానికి అరగంట పడుతుంది, ఆ అరగంట నడుము నాదే కదా.

గళ్ళచొక్కా
తెల్లపరుపు గారూ, రెండు వేలకు మూడు వేలది పరిచే మాట మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ ‘తెలుసు’ అంది. తెలిసీ ఎందుకు చూస్తావంటే ‘మూడు వేలది కూడా చూడొచ్చు కదా’ అంది.

సుల్తాన్‌బజారు_గాజు
ఈ చర్చలో ఎవరూ అనని మాట ఒకటి ఉంది. 1980లలో మా అమ్మకు ఇంట్లో చెప్పి ఒంటరిగా వెళ్ళడానికి వీలున్న చోట్లు రెండే: గుడి, బజారు. గుడిలో మా నానమ్మ స్నేహితురాళ్ళు ఉంటారు. అందుకని బజారు.

చీరకు సరిపోయే రంగులో జాకెట్టు గుడ్డ కావాలి అనేది అమ్మ చేతిలో బ్రహ్మాస్త్రం. వంకాయ రంగు చీర ముక్క చేతిసంచిలో పెట్టుకుని సుల్తాన్ బజారుకు వెళ్ళేది. నన్ను వెంట తీసుకెళ్ళేది. ప్రతి కొట్టులోనూ ఆ ముక్కను తానుల మీద ఆనించి చూడటం, గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో చూడటం, తల అడ్డంగా ఊపడం. మూడో కొట్టులోనే సరైన రంగు దొరికిందని నాకు తెలుసు, చిన్నదాన్నయినా కళ్ళున్నాయి కదా. అమ్మ దాన్ని కొనేది కాదు. పదకొండో కొట్టు అయ్యాక, మిర్చి బజ్జీలు తిన్నాక, వెనక్కి వచ్చి మూడో కొట్టులో కొనేది. ఇంటికి వచ్చి ‘ఆ రంగు ఎక్కడా దొరకలేదత్తయ్యా, ఊరంతా తిరిగాను’ అనేది. అది నిజమో కాదో చెప్పగల మగవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళకు వంకాయ రంగు, నేరేడు రంగు ఒకటే.

లాడ్ బజారుకు ఏడాదికి ఒక్కసారే. అక్కడ లక్క గాజులు చేసేవాళ్ళు లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, వేడి మీదే రాళ్ళు ఒక్కొక్కటీ అద్దుతుంటే అమ్మ ఎంతసేపైనా నిలబడేది. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి అమ్మకు ఫోను చేశాను. ‘నా గుర్తింపు చాలదా?’ అంది.

అంగడిపిల్ల
పదకొండో కొట్టు అయ్యాక మూడో కొట్టుకు వెనక్కి రావడం! మా అమ్మ కూడా అచ్చం ఇంతే. నేను అది అమ్మ తెలివితక్కువతనం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

డాలస్_గోంగూర
ఇక్కడ కార్లో అరగంట వెళ్ళి మన సరుకుల కొట్టులో ఆదివారం మధ్యాహ్నం గడుపుతాం. కావలసింది కరివేపాకు, కందిపప్పు. కరివేపాకు బుట్ట దగ్గర మాత్రం అరగంట. ఎందుకంటే తెలుగువాళ్ళంతా ఏదో ఒక సమయంలో అక్కడికి రావలసిందే. మా అబ్బాయికి ట్యూషన్ చెప్పే ఆవిడ, మేము అద్దెకున్న ఇల్లు, ఇద్దరూ కరివేపాకు దగ్గర దొరికినవాళ్ళే.

కొసరు_కావాలి
ఇల్లు కూడానా!

డాలస్_గోంగూర
ఇంటివాళ్ళ మరదలు. సర్దుకుని చదువుకోండి.

పాతపుస్తకం
డాలస్ మాటతో ఒకటి గుర్తొచ్చింది. అమెరికాలో పైకప్పు వేసి చుట్టూ మూసిన తొలి మాల్ సౌత్‌డేల్, మిన్నెసోటా రాష్ట్రంలోని ఎడైనాలో 1956లో తెరిచారు. గీసినవాడు విక్టర్ గ్రూయెన్, వియన్నా నుంచి వెళ్ళిన వాస్తుశిల్పి. కార్లలో తిరిగే జనానికి తన ఊళ్ళో ఉన్నలాంటి నలుగురు కలిసే కూడలి ఒకటి కట్టివ్వాలని ఆయన కోరిక. తీరా కొట్లు మిగిలాయి, చుట్టూ ఊరు రాలేదు. చివరి రోజుల్లో ఆ మాల్స్ నావి కావు పొమ్మన్నాడు. డాలస్ వాళ్ళు కరివేపాకు బుట్టతో ఆయన పని పూర్తి చేశారు.

లెక్కలమాష్టారు
కలుసుకోవడానికైతే పార్కులున్నాయి, గ్రంథాలయాలున్నాయి. బేరాల సంగతి కూడా మాట్లాడాలి. మాల్‌లో చీటీ మీద ఉన్నది నోరు మూసుకుని కట్టి, తోపుడుబండి దగ్గర పది రూపాయల కోసం పావుగంట వాదించడం ఏ రకం సరదా?

గళ్ళచొక్కా
ఈ ఒక్క విషయంలో మాష్టారితో ఏకీభవిస్తున్నాను. బండి అతను ఎండలో నిలబడి అమ్ముతాడు.

కొసరు_కావాలి
నా పేరు చూసి నన్నే అంటున్నారని తెలుసు. బేరం అంటే గొంతు నులమడం కాదు. చెప్పిన ధరకు ఎంత తగ్గించి మొదలుపెట్టాలో, ఎప్పుడు రెండడుగులు ముందుకు వెయ్యాలో, పిలిచినప్పుడు ఎంతసేపటికి తల తిప్పాలో ఒక మర్యాద ఉంది. కూరలావిడ చివర్లో రెండు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర రెమ్మ సంచిలో పడేస్తుంది చూడండి, ఆ కొసరు కోసం నేను బేరం ఆడను, ఆ కొసరు ఇచ్చేంత పరిచయం కోసం ఆడతాను. బోణీ బేరం మాత్రం ఎప్పుడూ చెడగొట్టను.

తెల్లపరుపు
నా బావమరిదికి బండి ఉంది. అడిగిన ధర ఠక్కున ఇచ్చేసే మనిషి వెళ్ళిపోయాక వాడికి దిగులు. ‘ఇంకో పాతిక చెప్పాల్సింది’ అని సాయంత్రం దాకా గొణుగుతాడు. అలాగని పొద్దుపోయి బండి సర్దుకునేవాడి దగ్గర గట్టిగా లాగకండి, ఆ వేళ వాడు ఎంతకైనా ఇచ్చేస్తాడు.

పటమటవాసి
వారం తరవాత రాస్తున్నాను. సుల్తాన్‌బజారు_గాజు గారి పోస్టు చదివాక నిన్న సెలవు పెట్టి నాన్నగారితో నేనూ వెళ్ళాను. ‘నీకేం కావాలి?’ అని అడిగారు. ఏమీ వద్దన్నాను. ‘అయితే చెప్పులు గట్టివి వేసుకో’ అన్నారు.

ఏలూరు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టాం. బందరు రోడ్డు దాకా నాలుగు అడుగులే, మాకు రెండు గంటలు పట్టింది. గొడుగుల బండి దగ్గర ఏడు గొడుగులు విప్పారు. లెక్కపెట్టాను. విప్పిన ప్రతిసారీ పుల్లలు కలిసే చోట బొటనవేలితో నొక్కి, ఆకాశం వైపు పెట్టి గుడ్డలో చిల్లులున్నాయేమో చూశారు. ‘ఈ రివెట్లు ఒక్క వానకు తుప్పు పడతాయి, నీకు సరుకిచ్చినవాణ్ణి అడుగు’ అన్నారు. ఆ అబ్బాయి కోప్పడతాడేమో అనుకున్నాను. ‘పోయినసారి మీరు చెప్పిన రకం రేపు వస్తోంది బాబాయిగారూ’ అన్నాడు. నేను సిగ్గుతో అటూ ఇటూ చూస్తున్నాను, ఆయన అప్పటికే బెల్టుల దగ్గర ఉన్నారు. జేబురుమాళ్ళు ఏ బండి మీద ఎంతో నాకు చెప్పి, వెళ్ళి అడిగి చూడమన్నారు. మూడు బండ్లు అడిగాను, మూడూ సరిపోయాయి.

చివర్లో ఒక ముసలాయన దగ్గర ఆగారు. నేల మీద గోనెపట్టా పరుచుకుని దువ్వెనలు, అద్దాలు, పిన్నీసులు. ఇద్దరూ పాత కరెంటు మీటర్ల గురించి, పింఛను గురించి, ఎవరిదో మోకాలి ఆపరేషను గురించి మాట్లాడుకున్నారు. నలభై నిమిషాలు. లేచేటప్పుడు నాన్నగారు పదిహేను రూపాయలిచ్చి ఒక దువ్వెన తీసుకున్నారు. ఆయనకు జుట్టు ఊడిపోయి ఇరవై ఏళ్ళయింది.

బస్సులో అడిగాను, దువ్వెన ఎందుకని. ‘అంతసేపు వాడి బేరాలకు అడ్డంగా కూర్చున్నాను. ఉత్తచేతులతో ఎలా లేస్తాను?’ అన్నారు.

నాలుగు నెయిల్ కట్టర్లు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది.

అంగడిపిల్ల
మా తాతకు అమ్మేవాళ్ళు చిన్న వస్తువులు పెట్టుకోలేదు. దువ్వెన అంత ఎద్దు ఉంటే ఆయన కూడా కొనేవాడు.

గళ్ళచొక్కా
తలనొప్పి వచ్చిందా లేదా? నిజం చెప్పండి.

పటమటవాసి
బెల్టుల దగ్గర వచ్చింది. చెరుకురసం తాగాక తగ్గింది. ఇవాళ కూడా రమ్మన్నారు, ఆఫీసు ఉందన్నాను. శనివారం చూస్తాను.

నిద్రరాని_రాత్రి
శనివారం వెళితే నాకూ ఒక దువ్వెన తెచ్చిపెట్టండి. డబ్బు పంపిస్తాను. నేను బజారుకు వెళ్ళి రెండేళ్ళు దాటింది.

లెక్కలమాష్టారు
ఆ గొడుగుల బండి ఏలూరు రోడ్డు చివరనా, మధ్యలోనా? కొత్త రకం ఎంత చెబుతున్నాడు? మా ఇంట్లో ఉన్నదానికి రివెట్లు పోయాయి.